లావు, ఇరుకు, గుండ్రం: ఒక అక్షర రూపం చెప్పే చరిత్ర



ఈ పాఠం మొదలుపెట్టే ముందు ఒక చిన్న పని చేయండి. మీ గదిలో ఉన్న వస్తువుల మీది ఇంగ్లీషు అక్షరాలను ఒక్క నిమిషం పరిశీలించండి. చాక్లెట్ కాగితం, ఆటబొమ్మ డబ్బా, కంప్యూటర్ కీబోర్డు, ఏదో ఒక యంత్రం మీద బిగించిన రేకు ముక్క, గోడ మీది క్యాలెండరు, ఇలా ఏదైనా సరే. వాటిలో ఒక తరహా అక్షరం మీకు తప్పకుండా కనిపిస్తుంది. దాని గీతలు లావుగా ఉంటాయి. అక్షరాలు ఒకదానికొకటి దగ్గరగా, ఇరుకుగా నిలబడి ఉంటాయి. గీతల చివరలు కత్తితో కోసినట్లు కాకుండా వేలికొసల్లా గుండ్రంగా ఉంటాయి.

మనం ఈ అక్షరాన్ని రోజూ చదువుతాం. కాని దాన్ని ఎవరూ 'చూడరు'. చదవడం పూర్తికాగానే అక్షరం మాయమై అర్థం ఒక్కటే మిగులుతుంది. ఈ పాఠంలో మనం అర్థాన్ని కాసేపు పక్కన పెట్టి అక్షరం వైపే చూద్దాం. అది ఎందుకు లావైంది? ఎందుకు ఇరుకైంది? ఎందుకు గుండ్రమైంది? ఈ మూడు ప్రశ్నలకు మూడు వేర్వేరు జవాబులు ఉన్నాయి. మొదటిది బజారు నుంచి వచ్చింది. రెండోది కాగితం కొలత నుంచి వచ్చింది. మూడోది పనిముట్టు నుంచి వచ్చింది.

పాదాలు లేని అక్షరం

ముందుగా ఒక మాట తెలుసుకుందాం. పాత ఇంగ్లీషు పుస్తకాల్లో అక్షరాల గీతల చివర చిన్న చిన్న అడ్డగీతలు కనిపిస్తాయి. నిలువు గీత నేల మీద నిలబడడానికి పాదం పెట్టినట్లు ఉంటాయి. వీటిని సెరిఫ్‌లు అంటారు. ఇవి లేని అక్షరాన్ని సాన్స్ సెరిఫ్ అంటారు. 'సాన్స్' అంటే ఫ్రెంచి భాషలో 'లేకుండా' అని అర్థం.

చేతిరాతలో, రాతి చెక్కడాల్లో పాదాలు లేని అక్షరాలు చాలా పాతవే. ప్రాచీన గ్రీకు శాసనాల్లో అలాంటివి ఉన్నాయి. అచ్చుకు వాడే పోత అక్షరంగా మాత్రం ఇది ఆలస్యంగా వచ్చింది. సుమారు 1816లో లండన్‌లో నాలుగో విలియం కాస్లన్ తన అక్షరాల నమూనా పుస్తకంలో ఒకే ఒక వరుస చూపించాడు. అందులో పెద్ద అక్షరాలే తప్ప చిన్న అక్షరాలు లేవు. మనకు తెలిసినంతవరకు లాటిన్ లిపిలో అచ్చుకు పోసిన మొదటి సాన్స్ సెరిఫ్ అదే. అప్పట్లో దాన్ని 'ఈజిప్షియన్' అని పిలిచారు. 1832లో విన్సెంట్ ఫిగ్గిన్స్ అనే మరో లండన్ అక్షర పోతగాడు తన నమూనా పుస్తకంలో 'సాన్స్ సెరిఫ్' అనే పేరు వాడాడు. ఆ పేరే నిలిచిపోయింది.

లావు ఎందుకు?

పుస్తకం చదివే మనిషి కూర్చుని చదువుతాడు. పుస్తకం అతని చేతిలో ఉంటుంది. తీరిక ఉంటుంది. కాబట్టి పుస్తకంలోని అక్షరానికి అరవాల్సిన అవసరం లేదు.

1800 ప్రాంతంలో లండన్ వీధుల్లో పరిస్థితి వేరు. కర్మాగారాలు సరుకును గుట్టలుగా తయారుచేస్తున్నాయి. ఆ సరుకు అమ్ముడుపోవాలి. నాటక ప్రదర్శనలు, లాటరీ టికెట్లు, బండి ప్రయాణాలు, మందులు, అన్నిటికీ ప్రకటనలు కావాలి. ఇంగ్లండులో ప్రభుత్వ లాటరీ 1826 వరకు సాగింది. ఆ లాటరీ కరపత్రాలు, గోడ కాగితాలు అక్షరాలను లావెక్కించిన వాటిలో ముఖ్యమైనవి. గోడ మీద పక్కపక్కనే పది కాగితాలు అతికించి ఉంటే, నడిచిపోయే మనిషి కన్ను దేని మీద ఆగుతుంది? అన్నిటికంటే నల్లగా ఉన్న దాని మీదే. అందుకని ఒకరిని మించి ఒకరు నలుపు పెంచుకుంటూ పోయారు.

అంటే లావు అక్షరం అందం కోసం పుట్టలేదు. దూరం, తొందర, పోటీ అనే మూడు అవసరాల కోసం పుట్టింది. ఈ మాట గుర్తుంచుకోండి. తరువాత దీనితో పని ఉంది.

ఇరుకు ఎందుకు?

గోడ కాగితాన్ని అచ్చువేసేవాడికి ఒక చిక్కు ఉంది. కాగితం వెడల్పు మారదు. మాట పొడవు మారుతుంది. ఒక వరుసలో నాలుగు అక్షరాల మాట, దాని కింద పన్నెండు అక్షరాల మాట వస్తే రెండూ ఒకే వెడల్పును నింపాలి. పొడుగు మాటకు చిన్న అక్షరాలు వాడితే అది దూరానికి కనిపించదు. ఎత్తు తగ్గించకుండా వెడల్పు మాత్రమే తగ్గించాలి. ఈ అవసరంలోంచే ఇరుకు అక్షరం బలపడింది.

ఇంకొక అడ్డంకి కూడా ఉండేది. బెత్తెడు, జానెడు ఎత్తున్న అక్షరాలను సీసంతో పోస్తే అవి చాలా బరువెక్కుతాయి, ఖర్చెక్కువ, చల్లబడేటప్పుడు పైభాగం సమంగా రాదు. న్యూయార్క్‌లో డేరియస్ వెల్స్ అనే ముద్రాపకుడు దీనికి చెక్కతో మార్గం చూపాడు. 1827లో ఆయన గిర్రున తిరిగే ఉలిని, అంటే రౌటర్‌ను, చెక్క అక్షరాలు చెక్కడానికి వాడాడు. 1834లో విలియం లెవెన్‌వర్త్ ఆ రౌటర్‌ను పాంటోగ్రాఫ్‌తో కలిపాడు. పాంటోగ్రాఫ్ అంటే కీళ్లతో కలిపిన కడ్డీల చట్రం. దాని ఒక మొన నమూనా అంచు వెంబడి నడిస్తే, రెండో మొన అదే ఆకారాన్ని వేరే కొలతలో గీస్తుంది. ఇక ఒక్క నమూనా నుంచి ఎన్ని కొలతల అక్షరాలైనా తీయవచ్చు. ఆ తరువాత అమెరికాలో చెక్క అక్షరాల పరిశ్రమ పెద్దదైంది. ఇరుకు, మరీ ఇరుకు, వెడల్పు అంటూ రకరకాల అక్షరాలు అమ్మకానికి వచ్చాయి.

ఇరవయ్యో శతాబ్దంలో ఇదే అవసరం ప్రకటనల గోడ దిగి ప్రభుత్వ కార్యాలయాల్లోకి వచ్చింది. జర్మనీలో 1905లో ప్రష్యా రైల్వే తన బండ్ల మీద రాయడానికి ఒక అక్షర నమూనా నిర్ణయించింది. ఆ సంప్రదాయం నుంచే 1936లో డిన్ 1451 అనే జాతీయ ప్రమాణం వచ్చింది. గళ్ల కాగితం, స్కేలు, కంపాసు ఉంటే చాలు, కళాకారుడు కానివాడు కూడా ఆ అక్షరాన్ని గీయగలడు. అందులో మధ్యరకం అక్షరంతో పాటు ఇరుకు అక్షరం కూడా ఉంది. ఊరి పేరు పొడుగైనా బోర్డు పొడుగు కాకుండా చూడడం దాని పని.

అయితే ఇరుకుకు ఒక హద్దు ఉంది. అమెరికా రహదారి బోర్డుల అక్షరాలకు 'ఎ' నుంచి 'ఎఫ్' వరకు శ్రేణులు ఉండేవి. 'ఎ' అన్నిటికంటే ఇరుకు, 'ఎఫ్' అన్నిటికంటే వెడల్పు. వేగంగా పోయే వాహనంలోంచి 'ఎ' శ్రేణి అక్షరాలు సరిగా చదవలేకపోవడం వల్ల దాన్ని తీసేశారు. బోర్డు మీద చోటు మిగిలింది గాని, చదివేవాడికి క్షణం మిగలలేదు.

ఒక చిన్న లెక్క

లావు, ఇరుకు రెండూ ఒకచోట చేరితే ఏమవుతుందో లెక్క వేసి చూద్దాం. ఇంగ్లీషు 'ఓ' అక్షరాన్ని 10 సెంటీమీటర్ల ఎత్తు, 4 సెంటీమీటర్ల వెడల్పుతో గీశారనుకోండి. గీత మందం 1 సెంటీమీటరు అయితే రెండు పక్కల గీతలకు 2 సెంటీమీటర్లు పోయి లోపల 2 సెంటీమీటర్ల తెలుపు మిగులుతుంది. గీతను 1.5 సెంటీమీటర్లు చేయండి. మిగిలే తెలుపు 1 సెంటీమీటరు. గీతను 2 సెంటీమీటర్లు చేయండి. తెలుపు లేదు. అక్షరం ఒక నల్లని కడ్డీగా మారిపోయింది.

మనం చదివేది నలుపును మాత్రమే కాదు, నలుపు మధ్య ఉన్న తెలుపును కూడా. ఈ జాతి అక్షరాన్ని గీసే ప్రతివాడూ ఆ సెంటీమీటరు తెలుపును కాపాడుకోవడానికే తంటాలు పడతాడు. అందుకే మంచి ఇరుకు అక్షరాల్లో 'ఓ' కోడిగుడ్డులా ఉండదు, మందుగొట్టంలా, అంటే క్యాప్సూల్‌లా ఉంటుంది. పక్కలు నిటారుగా, పైనా కిందా మాత్రమే వంపు. పక్కలు నిటారుగా ఉంటే లోపలి తెలుపు పై నుంచి కింద దాకా ఒకే వెడల్పుతో నిలుస్తుంది.

గుండ్రం ఎందుకు?

ఇప్పుడు మూడో ప్రశ్న. అన్నిటికంటే ఆసక్తికరమైనది ఇదే.

తిరిగే ఉలిని ఒకసారి ఊహించుకోండి. అది గుండ్రని కడ్డీ. చెక్కలోనో లోహంలోనో దించి నడిపిస్తే అది కాలువ తవ్వినట్లు ఒక గీత తవ్వుతుంది. ఆ గీత మొదట్లో, చివరలో ఎలా ఉంటుంది? గుండ్రంగా ఉంటుంది. చదరపు మూల కావాలంటే మనిషి మళ్లీ చేతితో చెక్కాలి. అంటే తిరిగే ఉలికి గుండ్రం సహజం, మూల అదనపు శ్రమ.

ఇంగ్లండులోని లెస్టర్ నగరంలో టేలర్, టేలర్ అండ్ హాబ్సన్ అనే సంస్థ కెమెరా కటకాలు తయారుచేసేది. కటకం చుట్టూ ఉండే ఇత్తడి కట్టు మీద అంకెలు, పేర్లు చెక్కాలి. ఆ పని కోసం 1890లలో వాళ్లు పాంటోగ్రాఫ్ పద్ధతిలో చెక్కే యంత్రాన్ని తయారుచేసుకున్నారు. ఆ యంత్రాలనే తరువాత ఇతరులకూ అమ్మారు. అమెరికాలో జార్జ్ గార్టన్ సంస్థ ఇలాంటి యంత్రాలు తయారుచేసింది. వాటితో చెక్కిన అక్షరాలకు 'గార్టన్' అనే పేరు వచ్చింది. కర్మాగారాల మీటర్లు, ఓడల్లోని పరికరాలు, లిఫ్టుల బటన్లు, తలుపుల మీది పేర్ల పలకలు, చివరికి చంద్రుడి మీదికి వెళ్లిన అపోలో నౌకల్లోని పరికరాల పలకలు కూడా ఈ జాతి అక్షరాలనే మోశాయి. దీని గీత మొదటి నుంచి చివరి వరకు ఒకే మందం. చివరలు గుండ్రం. ఉలి మారిస్తే లావు మారుతుంది. ఇరుకు, వెడల్పు రకాలు కూడా ఉండేవి. ఏ గొప్ప కళాకారుడి సంతకమూ లేకుండా, యంత్రం దగ్గర నిలబడిన కార్మికుడి చేతుల మీదుగా ఈ అక్షరం ప్రపంచమంతా తిరిగింది.

మీలో ఇంజినీరింగ్ చదివేవారు ఉంటే దీని దగ్గరి బంధువును మీ డ్రాయింగ్ కాగితం మీదే గీస్తున్నారు. భారతీయ ప్రమాణం ఐఎస్ 9609 ప్రకారం డ్రాయింగ్ అక్షరాల్లో 'ఎ' రకానికి గీత మందం అక్షరం ఎత్తులో 14వ వంతు, 'బి' రకానికి 10వ వంతు. గొట్టపు మొన ఉన్న సిరా పెన్నుతో ఆ గీత గీస్తే చివర దానంతటదే గుండ్రమవుతుంది. ఇక్కడ కూడా గుండ్రం పనిముట్టు ఇచ్చిందే.

నియాన్ దీపాల సంగతి కూడా ఇంతే. ఫ్రాన్సులో జార్జ్ క్లాడ్ 1910లో పారిస్‌లో నియాన్ వెలుగును ప్రదర్శించాడు. గాజు గొట్టాన్ని వేడిచేసి అక్షరంగా వంచుతారు. గొట్టం మందం మారదు, చివర గుండ్రంగా మూసుకుంటుంది, మలుపు పదునుగా రాదు. రాత్రిపూట వెలిగే దుకాణాల పేర్లు అలా గుండ్రం అక్షరాన్ని జనం కంటికి అలవాటు చేశాయి.

సిరా కూడా మూలలను తింటుంది. గరుకు కాగితం మీద సీసపు అక్షరాన్ని నొక్కితే సిరా అంచులు దాటి కొంచెం పరుచుకుంటుంది. పదునైన మూల మొద్దుబారుతుంది, గీతలు కలిసే లోపలి మూల పూడిపోతుంది. దీనికి రెండు మందులు ఉన్నాయి. మొదటిది, మూలను ముందే గుండ్రం చేసి గీయడం. అప్పుడు సిరా ఎంత పరుచుకున్నా రూపం పెద్దగా మారదు. రెండోది, సిరా వచ్చి చేరే చోట ముందుగానే గంటు పెట్టి ఉంచడం. అమెరికాలో ఏటీ అండ్ టీ టెలిఫోన్ డైరెక్టరీ కోసం మాథ్యూ కార్టర్ గీసిన బెల్ సెంటెన్నియల్ ఫాంటులో (1978) ఈ రెండో పద్ధతి కనిపిస్తుంది. పెద్దది చేసి చూస్తే ఆ అక్షరాలు ఎలుకలు కొరికినట్లు ఉంటాయి. డైరెక్టరీ పుటలో చిన్నగా అచ్చయినప్పుడు మాత్రం గంటులు సిరాతో నిండి అక్షరాలు శుభ్రంగా కనిపిస్తాయి.

టెలివిజన్ తెర మీద

పాత గాజు గొట్టపు టెలివిజన్లలో ఇదే సమస్య మరో రూపంలో వచ్చింది. మన దేశంలో వాడిన విధానంలో ఒక బొమ్మకు 625 అడ్డగీతలు. వాటిని ఒకేసారి గీయరు. ముందు ఒకటి విడిచి ఒకటి, తరువాత మిగిలినవి. బొమ్మలో ఒకే అడ్డగీతంత సన్నని గీత ఉంటే అది సెకనుకు 25 సార్లు మాత్రమే వెలిగి, కంటికి అదురుతున్నట్లు కనిపిస్తుంది. అక్షరాల సన్నని పాదాలు, సన్నని అడ్డగీతలు అందుకే తెర మీద వణికేవి. లావైన, పాదాలు లేని అక్షరం స్థిరంగా నిలిచేది. మూలలు ఎలాగూ మసకబారేవి కాబట్టి ముందే గుండ్రంగా ఉంటే నష్టం లేదు. తెర వెడల్పు తక్కువ కాబట్టి పొడుగు పేర్లకు ఇరుకు అక్షరం పనికొచ్చేది. లావు, ఇరుకు, గుండ్రం, మూడూ ఒకే పనికి అవసరమైన చోటు ఇది.

పనిముట్టు పోయింది, గొంతు మిగిలింది

ఇంతవరకు గుండ్రం ఒక పనిముట్టు వదిలిన గుర్తు. 1960 తరువాత కథ మలుపు తిరుగుతుంది. 1961లో ఇంగ్లండులో లెట్రాసెట్ సంస్థ రుద్దితే కాగితానికి అంటుకునే అక్షరాల పొరలను తెచ్చింది. ఫొటో పద్ధతిలో అక్షరాలు కూర్చే యంత్రాలు కూడా వ్యాపించాయి. ఇక ఉలితో, గొట్టంతో, సీసంతో పని లేదు. గీయగలిగిన ఏ ఆకారమైనా అక్షరమే. మరి అవసరం తీరిపోయాక గుండ్రం మాయమైపోవాలి కదా? కాలేదు. ఇంకా పెరిగింది. ఎందుకంటే అప్పటికి జనం గుండ్రంలో ఒక గొంతును వినడం మొదలుపెట్టారు.

1970లో లెట్రాసెట్ తెచ్చిన ఒక లావు గుండ్రపు అక్షరానికి 'ఫ్రాంక్‌ఫర్టర్' అని పేరు పెట్టారు. అది ఒక సాసేజ్ పేరు. పేరే దాని స్వభావాన్ని చెబుతోంది. చూడగానే తినాలనిపించాలి, నవ్వు రావాలి.

తరువాతి ఉదాహరణ మరింత ముఖ్యమైనది. 1970ల చివర జర్మనీలో ఫోక్స్‌వాగన్, ఆడి కార్ల అమ్మకం దుకాణాలను వి.ఎ.జి. అనే ఒకే పేరు కిందికి తెచ్చారు. రెండు కంపెనీల ప్రకటనలకు అప్పటిదాకా రెండు వేర్వేరు ఫాంటులు ఉండేవి. ఏ ఒక్కదాన్ని ఎంచుకున్నా రెండో పక్షం ఓడిపోయినట్లవుతుంది. అందుకని 1979లో కొత్తగా వి.ఎ.జి. రౌండెడ్ అనే గుండ్రపు ఫాంటు వచ్చింది. ఇనుముతో, పెట్రోలుతో పనిచేసే వ్యాపారం ఇలా మెత్తని గొంతును ఎంచుకుంది. కొన్నేళ్లకు కార్ల కంపెనీ దాన్ని వదిలేసింది. ఫాంటు మాత్రం కంప్యూటర్లలోకి చేరి బతికింది. ఆపిల్ సంస్థ తన కీబోర్డుల మీద దాన్ని ఏళ్ల తరబడి వాడి, 2015లో వచ్చిన కొత్త మాక్‌బుక్ నుంచి సొంత ఫాంటుకు మారడం మొదలుపెట్టింది.

గుండ్రానికి మెత్తదనాన్ని ఎందుకు అంటగడతాం? దీని మీద మనస్తత్వ శాస్త్రంలో ప్రసిద్ధమైన పరిశీలన ఒకటి ఉంది. 1929లో వోల్ఫ్‌గాంగ్ కోలర్ ఒక గుండ్రని ఆకారాన్ని, ఒక ముళ్ల ఆకారాన్ని చూపించి, అర్థం లేని రెండు మాటల్లో ఏది దేని పేరో జతపరచమనే ప్రశ్నను ముందుపెట్టాడు. 2001లో వి.ఎస్. రామచంద్రన్, ఎడ్వర్డ్ హబ్బర్డ్ అదే ప్రశ్నను 'బూబా', 'కికి' అనే మాటలతో మళ్లీ చర్చకు తెచ్చారు. ఎక్కువమంది గుండ్రని దాన్ని బూబా అని, ముళ్ల దాన్ని కికి అని అన్నారు. ఆకారాన్ని చూసిన మనసు శబ్దాన్ని, స్పర్శను కూడా ఊహిస్తుందన్నమాట.

ఇక్కడే మీరు జాగ్రత్తగా ఉండాలి. గుండ్రని అక్షరం మెత్తగా మాట్లాడుతుంది. మెత్తగా మాట్లాడే ప్రతివాడూ మన మేలు కోరేవాడు కాదు. అప్పు ఇస్తామనే ప్రకటనలో 'సులభం', 'ఉచితం' అనే మాటలు లావుగా, గుండ్రంగా, పిల్లల పుస్తకంలోని అక్షరాల్లా ఉంటాయి. ఆ మాట పక్కన ఒక చిన్న నక్షత్రపు గుర్తు. అట్టడుగున, చీమల బారులాంటి సన్నని అక్షరాల్లో 'షరతులు వర్తిస్తాయి'. మీ కుటుంబం సంతకం పెట్టబోయేది ఆ గుండ్రని అక్షరాల కింద కాదు, ఆ చీమల బారు కింద. అక్షర రూపాన్ని చూడడం నేర్చుకుంటే దొరికే మొదటి లాభం ఇదే.

తెలుగు అక్షరం సంగతి

ఇప్పుడు మన లిపి దగ్గరకు వద్దాం. తెలుగు అక్షరాలు మొదటి నుంచీ గుండ్రమే కదా, ఇక కొత్తగా గుండ్రం చేసేదేముంది అని మీకు అనిపించవచ్చు. తాటాకు మీద గంటంతో నిటారు గీతలు గీస్తే ఆకు చీలుతుందని, అందుకే దక్షిణాది లిపులు వంపులు తిరిగాయని లిపి చరిత్ర రాసినవారు చాలామంది చెబుతారు. అంటే మన లిపిలో కూడా గుండ్రానికి వెనుక పనిముట్టే ఉంది. కాని రెండు గుండ్రాలకు తేడా ఉంది. ఇంగ్లీషు ఫాంటులో గుండ్రం గీత చివరలో ఉంటుంది. తెలుగులో గుండ్రం అక్షరం ఒంట్లోనే ఉంటుంది.

ఆ తేడా వల్లనే ఇంగ్లీషుకు పనిచేసిన మందు తెలుగుకు అలాగే పనిచేయదు. ఇంగ్లీషు 'ఓ'ను ఇరుకు చేయాలంటే పక్కలను నిటారు చేస్తే సరిపోతుంది. మన 'ఠ'లో, 'త'లో, 'శ'లో నిటారు చేయడానికి పక్కలు ఎక్కడున్నాయి? వాటిని కంప్యూటర్‌లో అడ్డంగా నొక్కితే నిలువుగా సాగే వంపులు సన్నబడతాయి, అడ్డంగా సాగే వంపులు లావుగానే ఉండిపోతాయి. అక్షరం నలిగిపోయిన చెంబులా తయారవుతుంది. దుకాణాల ఫ్లెక్సీ బోర్డుల మీద ఈ నలిగిన చెంబులను మీరు చూసే ఉంటారు.

లావు చేసినప్పుడు ప్రమాదం ఇంకా ఎక్కువ. 'థ'కు, 'ధ'కు మధ్య తేడా ఒక్క చుక్క. లావెక్కి లోపలి తెలుపు పూడిపోతే ఆ చుక్క మునిగిపోయి, 'కథ' కాస్తా 'కధ'లా కనిపిస్తుంది. 'ప' పైభాగంలో ఒక ఖాళీ ఉంటుంది, 'వ'లో అది ఉండదు. ఆ ఖాళీ మూసుకుపోతే 'పండు' 'వండు' అవుతుంది. 'ర', 'ఠ' లకు కూడా ఇదే తగువు. పైగా మన అక్షరం మేడ కట్టుకుని ఉంటుంది. 'స్త్రీ' అని రాసి చూడండి. నడుమ 'స', పైన గుడి దీర్ఘం, కింద త వత్తు, దానికి తోడు క్రారవడి. ఒక్క అక్షరానికి మూడంతస్తులు. ఇంగ్లీషు పెద్ద అక్షరానికి ఒక్క అంతస్తే. రెండింటినీ ఒకే ఎత్తులో ఇరికిస్తే తెలుగు వత్తు గోరంతవుతుంది.

మన రైల్వే స్టేషన్ల పేర్ల పలకలను గుర్తుచేసుకోండి. పసుపు పలక మీద నల్లని అక్షరాలు. తెలుగు ప్రాంతాల్లో తెలుగు, హిందీ, ఇంగ్లీషు. మూడు లిపులకూ ఒకే మర్యాద దక్కాలంటే మూడింటికీ ఒకే కొలత ఇస్తే చాలదు. వత్తులున్న లిపికి కాస్త ఎక్కువ చోటు ఇవ్వాలి. న్యాయం అంటే అందరికీ ఒకే చొక్కా కుట్టించడం కాదు, ఎవరి కొలతకు వారికి కుట్టించడం.

ఈ పనిని బాగా చేసిన ప్రయత్నాలు ఉన్నాయి. ముంబయికి చెందిన ఏక్ టైప్ బృందం 2010ల నడుమ 'బాలూ' అనే లావైన, గుండ్రని ఫాంటును అనేక భారతీయ లిపుల్లో ఉచితంగా విడుదల చేసింది. ఒక్కొక్క లిపి రూపానికి ఒక్కొక్క పలకరింపు పేరు పెట్టారు. గుజరాతీ రూపం 'భాయి', మలయాళ రూపం 'చేట్టన్', తమిళ రూపం 'తంబి', తెలుగు రూపం 'తమ్ముడు'. పేరు సరదాగా ఉన్నా పని శ్రద్ధతో చేసింది. ఒక లిపిని గీసి మిగిలిన వాటిని దాని అచ్చులో నొక్కలేదు. ప్రతి లిపికీ దాని వంపుల ప్రకారం లావును పంచారు. ఇది ఇరుకు ఫాంటు కాదని కూడా గమనించండి. లావు, గుండ్రం తీసుకున్నారు, ఇరుకును వదిలారు. ఏది తీసుకోవాలో, ఏది వదలాలో తెలియడమే నైపుణ్యం.

ఎక్కడ వాడాలి, ఎక్కడ వాడరాదు

ఇంతవరకు చెప్పుకున్న దాని నుంచి ఈ అక్షరం ఉపయోగాలు మీరే ఊహించగలరు. శీర్షికలు, గోడపత్రికలు, ఆటగాళ్ల చొక్కాల మీది అంకెలు, పొట్లాల మీది పేర్లు, తెర మీద రెండు మూడు మాటలు, యంత్రాల మీది సూచనలు, పిల్లల బొమ్మలు, వీటికి ఇది చక్కగా పనికివస్తుంది. మాటలు తక్కువగా, అక్షరం పెద్దగా ఉన్నచోట దీనికి తిరుగులేదు.

పేరాలకు పేరాలు దీనితో అచ్చువేస్తే మాత్రం కన్ను అలసిపోతుంది. పుట అంతా ఒకే నలుపుతో నిండి, ఏ మాటకూ విడి రూపం ఉండదు. అందరూ ఒకేసారి అరిస్తే ఎవరి మాటా వినపడదు కదా. అలాగే మందు సీసా మీద మోతాదు, పరీక్ష ప్రశ్నపత్రం, చట్టం పాఠం వంటి చోట్ల ఒక్క అక్షరం తారుమారైనా నష్టమే. అక్కడ కావలసింది లోపలి తెలుపు ధారాళంగా ఉన్న అక్షరం.

ముగింపు

విద్యార్థులారా, చరిత్ర అంటే రాజులు, యుద్ధాలు మాత్రమే కాదని మీకు చాలామంది చెప్పి ఉంటారు. ఈ పాఠం దానికి ఒక చిన్న సాక్ష్యం. ఒక్క అక్షరం ఒంటి మీద లండన్ బజారు గొడవ, న్యూయార్క్ చెక్క దుమ్ము, లెస్టర్ ఇత్తడి కట్టు, పారిస్ గాజు గొట్టం, అన్నీ గుర్తులు వదిలి వెళ్లాయి. లావు ఒక ప్రశ్నకు జవాబు, ఇరుకు మరో ప్రశ్నకు, గుండ్రం ఇంకో ప్రశ్నకు. ప్రశ్నను మరిచి జవాబును మాత్రం ఎత్తుకొచ్చినప్పుడే 'పండు' 'వండు' అవుతుంది.

రేపు మీలో కొందరు పుస్తకాలు అచ్చువేస్తారు, కొందరు బోర్డులు రాయిస్తారు, కొందరు తెలుగులో కొత్త ఫాంటులు గీస్తారు. ఆ రోజు ఏ అక్షరాన్ని ఎంచుకున్నా ముందు ఒక మాట అడగండి: దీన్ని ఎవరు, ఎంత దూరం నుంచి, ఎంత తొందరలో చదవాలి?

చేసి చూడండి

1. గళ్ల కాగితం మీద ఇంగ్లీషు 'ఓ' అక్షరాన్ని 10 గళ్ల ఎత్తు, 4 గళ్ల వెడల్పుతో మూడు మందాల్లో గీయండి. గోడకు అతికించి, ఒక్కొక్కటి ఎంత దూరం వరకు గుర్తుపట్టగలరో అడుగులతో కొలవండి.

2. 'కథ', 'పండు', 'స్త్రీ', 'రాష్ట్రం' అనే మాటలను లావైన స్కెచ్ పెన్నుతో చిన్నగా రాయండి. ఏ అక్షరం ముందుగా పూడిపోయిందో గమనించి, ఆ తెలుపును ఎలా కాపాడవచ్చో ఆలోచించండి.

3. మీ వీధిలో చేతితో రాసిన బోర్డు ఒకటి, కంప్యూటర్‌తో అచ్చువేసిన ఫ్లెక్సీ ఒకటి ఎంచుకుని, రెండింటిలో గీతల చివరలు, ఇరుకు, లావు ఎలా ఉన్నాయో పోల్చి పది వాక్యాలు రాయండి.

4. ఒక పత్రికా ప్రకటన తీసుకుని, అందులో అన్నిటికంటే లావైన మాట ఏది, అన్నిటికంటే సన్నని మాట ఏది గుర్తించండి. రెండూ ఒకే విషయాన్ని చెబుతున్నాయా? మీ మిత్రులతో చర్చించండి.